గోస్పాడు బీగం

ఆ బుధవారం పొద్దున దేవరాజు రెండు పనులు అనుకున్నాడు. ఒకటి, తన తాళాలకు బీమా చేయించడం. రెండోది, అది పూర్తయ్యేదాకా భార్యతో గొడవ పెట్టుకోకపోవడం.

దేవరాజు బస్సు కండక్టరుగా చేసి రిటైరై ఆళ్లగడ్డలో స్థిరపడ్డాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, బస్సు ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊళ్ళో పాత తాళాల కోసం వాకబు చేసేవాడు. శ్రీశైలం ఘాట్‌లో బస్సు చెడిపోయి ప్రయాణికులంతా తిట్టుకుంటున్న రోజున కూడా ఆయన దగ్గర్లోని సత్రానికి పోయి ఒకటి సంపాదించుకొచ్చాడు. చేప ఆకారానివి, నంది ఆకారానివి, తప్పుడు తాళంచెవి పెడితే వేలు కొరికేవి, ఇలా వీధివైపు గది నిండా తాళాలే. ఆ గదిలో కుట్టుమిషను పెట్టుకోవాలని ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ ఎన్నాళ్ళుగానో అడుగుతోంది.

చివరికి ఆమే ఒక ఒప్పందానికి వచ్చింది. "కంపెనీవాళ్ళు వచ్చి ఈ బీగాలకు విలువ ఉండాదంటే ఉంచుకో. లేదంటే పాత ఇనప సామాన్లోనికి ఏసేస్తా. మళ్ళా నన్నేమీ అనగూడదు."

బీమా కంపెనీవాళ్ళు నంద్యాల నుంచి ఫోన్ చేసి రెండు షరతులు చెప్పారు. కిటికీకి ఇనుప జాలీ ఉండాలి. గదికి ఎప్పుడూ తాళం ఉండాలి. దేవరాజు వెంటనే జాలీ కొట్టించాడు. వీధిలోకి ఉన్న తలుపుకు తన దగ్గరున్నవాటిలోకెల్లా గొప్పదైన గోస్పాడు తాళం తగిలించాడు. గోస్పాడులో ఒక రైతు పాత ధాన్యపు కొట్టు పడగొడుతుంటే తెచ్చుకున్నది అది. కొబ్బరికాయంత ఇత్తడి తాళం. నొక్కితే చాలు, పడిపోతుంది. తీయాలంటే మాత్రం జానెడు పొడుగు చెవి కావాలి.

"ఈ పొద్దు ఏం జరిగినా సరే, ఆ తలుపు తీసిపెట్టొద్దు," అని దేవరాజు భార్యకు నాలుగైదుసార్లు చెప్పాడు. "ఆఫీసరు చూసినాడంటే అయిపాయ."

"ఇన్నాము లేప్పా," అంది వెంకటలక్ష్మమ్మ.

కంపెనీ తరఫున తాళాల విలువ కట్టడానికి జ్ఞానప్రకాశం అనే ఆయన నంద్యాల బస్సు దిగి వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. దేవరాజు తాళం తీసి గొళ్ళానికి వేలాడదీసి, చెవిని ఫోటో కోసం లోపల బల్ల మీద పెట్టాడు. జ్ఞానప్రకాశం ఫోటోలు తీసుకుంటూ ఉంటే, తాను కూల్‌డ్రింకు తేవడానికి అంగడికి పోయాడు.

అప్పుడు పెరట్లోంచి వచ్చిన వెంకటలక్ష్మమ్మకు తలుపు ఓరగా తీసి ఉండటం కనిపించింది. జ్ఞానప్రకాశం బీరువా వెనక గొంతుక్కూర్చుని, కింది అరలో ఉన్న నంది తాళాన్ని పరీక్షిస్తున్నాడు. "నాకు చెప్పి తనే మర్సిపోయినాడు," అనుకుని ఆమె తలుపు లాగి, గొళ్ళెం పెట్టి, తాళం నొక్కింది. టక్కుమంది.

జ్ఞానప్రకాశం తలుపు తట్టాడు. ఆమె అప్పటికే మళ్ళీ పెరట్లోకి పోయింది. ఆయన మేనేజరుకు ఫోన్ చేశాడు. పాత మిద్దె గోడలు మందం కావడంతో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఆయన చెప్పింది ఇదీ: "నేను గదిలో ఉండగా తాళం వేశారు సార్. పాలసీ ఇస్తే గదికి తాళం ఉండాల్సిందేనని మనమే చెప్పాం గదా, పాపం అందుకే వేశారు." మేనేజరుకు వినపడింది ఇదీ: "గదిలో... తాళం వేశారు సార్... పాలసీ ఇస్తే..." ఆ తర్వాత ఏమీ వినపడలేదు. మేనేజరు పోలీసులకు ఫోన్ చేశాడు.

సీసా పట్టుకుని తిరిగొచ్చిన దేవరాజుకు కిటికీ జాలీ వెనక జ్ఞానప్రకాశం ముఖం కనిపించింది. తాళంచెవి లోపల ఆయన చేతిలోనే ఉంది. జాలీ కంతల్లోంచి చిటికెన వేలు కూడా దూరదు.

పక్కింటి జకరయ్య విగ్రహాలు చెక్కే మనిషి. ఉలి, సమ్మెట తీసుకుని వచ్చి, కొత్త జాలీని ఒక మూల తెగ్గొట్టి చెవి బయటికి తీశాడు. దేవరాజు గబగబా దాన్ని తాళంలో పెట్టి తిప్పాడు. కంగారులో ఎడమకు తిప్పాల్సింది కుడికి తిప్పాడు. చెవి రెండు ముక్కలైంది. సగం ఆయన చేతిలో, సగం తాళంలో.

ఆయన చేతిలోని ముక్కను చూస్తూ ఉండిపోయాడు. పెరట్లోంచి వచ్చిన వెంకటలక్ష్మమ్మ, భర్త ఆ విరిగిన అంచును వేలితో తడమడం చూసింది.

అంతలో పోలీసు జీపు వచ్చి ఇంటిముందు ఆగింది. ఎస్సై దిగాడు.

"ఎవురప్పా దేవరాజు? ఆఫీసర్ని లోపలేసి పాలసీ అడుగుతాండావంట?"

"నేను ఏయలేదు సార్. నా భార్య ఏసింది."

"అవు సార్, నేనే ఏసినా," అంది వెంకటలక్ష్మమ్మ. "ఏయమని ఈయప్పే పొద్దున్నుంచి నా పానం తీసినాడు."

ఎస్సై తల పంకించాడు. ఇంత తొందరగా నేరం ఒప్పుకున్న కేసు ఆయనకు ఈ మధ్య తగల్లేదు.

"సార్, నన్నెవరూ బంధించలేదు! పొరపాటున పడింది!" అని లోపల్నుంచి జ్ఞానప్రకాశం అరిచాడు.

"చూడు, ఎట్లా బెదిరించి చెప్పిస్తాండారో," అన్నాడు ఎస్సై. "బీగం పగలగొట్టండి."

జకరయ్య దేవరాజు వైపు చూశాడు. "అన్నా, ఏం జేద్దాం?"

దేవరాజు తాళాన్ని ఒకసారి అరచేత్తో తుడిచాడు. "లోపల మనిషికి ఉక్కపోస్తాంది. కొట్టు జకరయ్యా. మనిషికన్నా బీగం ఎక్కువ కాదు."

అని అటు తిరిగి నిలబడ్డాడు. జకరయ్య సమ్మెట ఎత్తి కొట్టాడు. తాళానికి ఏమీ కాలేదు. మళ్ళీ కొట్టాడు. మూడో దెబ్బకు సమ్మెట తల కర్ర కామ నుంచి ఊడి, గాల్లో ఎగిరి, జీపు ముందు దీపాన్ని తాకింది. దీపం పగిలింది.

కిటికీలోంచి చూస్తున్న జ్ఞానప్రకాశం వృత్తిధర్మంగా అడిగాడు: "జీపుకు ఇన్సూరెన్స్ ఉందా సార్?"

ఎస్సై గడ్డపార తెప్పించాడు. జకరయ్య, ఇద్దరు కానిస్టేబుళ్ళు కలిసి ద్వారబంధం కింద గడ్డపార పెట్టి పెకిలించారు. తలుపు, ద్వారబంధం, వాటితోపాటు కొంత గోడ వీధిలోకి వచ్చి పడ్డాయి. పడిన తలుపు మీద తాళం వేసింది వేసినట్టే ఉంది.

జ్ఞానప్రకాశం సున్నం కొట్టిన మనిషిలా బయటికి వచ్చాడు. కూల్‌డ్రింకు తాగి, జరిగింది జరిగినట్టు ఎస్సైకి చెప్పాడు. ఆ తర్వాత వంగి తాళాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీశాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇట్లాంటి తాళం చూడలేదమ్మా. దీనికి ఎంత విలువ కట్టినా తక్కువే," అన్నాడు వెంకటలక్ష్మమ్మతో.

ఎస్సై కూడా దగ్గరికి వచ్చి చూశాడు. కోపం కాస్త తగ్గింది. "మా స్టేషన్‌కు ఇట్లాంటిది ఒకటి కావాల. ఇస్తావా దేవరాజూ?"

దేవరాజు నోరు తెరిచేలోపలే వెంకటలక్ష్మమ్మ అడ్డం వచ్చింది. "ఇయ్యం సార్. అది మాది."

ఆ 'మాది' అనే మాట దేవరాజు విన్నాడు. చేతిలోని చెవి ముక్కను జేబులో వేసుకున్నాడు. జకరయ్య సమ్మెట తల వెతుక్కోవడానికి పోయాడు.

జ్ఞానప్రకాశం మేనేజరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. తాళాలన్నీ విలువైనవేనని, ముఖ్యంగా గోస్పాడుది అసాధారణమైనదని ఆయన చెప్పిందంతా మేనేజరు ఓపిగ్గా విన్నాడు. అభినందనలు కూడా చెప్పాడు. అయితే ప్రస్తుతం గదికి తలుపు లేదు, కిటికీకి జాలీ సరిగా లేదు, కాబట్టి పాలసీ ఇవ్వడం కుదరదన్నాడు. ఆ రెండూ బాగుచేయించి, బజార్లో దొరికే మంచి తాళం ఒకటి కొని వేసుకుంటే అప్పుడు చూద్దామన్నాడు.