యాక్షన్ చెప్పేవారు లేని సమ్మె

ప్రపంచ కార్మికోద్యమ చరిత్రలో కృష్ణానగర్ భిక్షం చేసినన్ని సమ్మెలు ఇంకెవరూ చేసి ఉండరు. ఇరవై ఏళ్లలో నూట పన్నెండు. అన్నీ సినిమాల్లోనే. (లాఠీ దెబ్బలు తిన్నదీ అక్కడే. రబ్బరు లాఠీలు కాబట్టి ఒళ్లు నిక్షేపంగా ఉంది.) గుంపులో మూడో వరసలో నిలబడి అతను పిడికిలెత్తాడంటే యజమానుల గుండెలు అదిరేవి, తెర మీద.

నూట పదమూడోది నిజం సమ్మె. ఊరంతా కంప్యూటర్లు నేర్చుకుంటున్న ఆ రోజుల్లో ఫిలింనగర్ కూడా ఒకటి తెచ్చుకుంది. యాభైమంది జూనియర్ ఆర్టిస్టులను నిలబెట్టి షాట్ తీస్తే, అది ఐదువేల మందిని చేసి చూపిస్తుంది. అలా కంప్యూటర్‌లో పెరిగినవాళ్లకు టిఫిన్ పెట్టక్కర్లేదు.

“నన్నొక్కన్నే నూరుమందిని చేస్తే, కడమ తొంభైతొమ్మిది మంది ఏం తినాలె?” అన్నాడు భిక్షం. కడుపు మండే అన్నాడు.

అనుమతి కోసం సమ్మెల సౌకర్యాధికారి సుబ్రహ్మణ్యం దగ్గరికి వెళితే, ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, దరఖాస్తు ఇంటర్నెట్‌లోనే పెట్టుకోవాలన్నారు. ‘సమ్మెకు కారణం’ అన్నచోట ‘కంప్యూటర్’ అని కొడితే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ‘ఇతరములు’ అంటే ఒప్పుకుంది.

సోమవారం పొద్దున్నే జూబ్లీహిల్స్‌లో నిర్మాత వెంకటేశ్వరరావు ఆఫీసు ముందు యాభైమందీ బారులు తీరారు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. పిడికిళ్లు బిగించారు. పదకొండైనా ఒక్కరూ నోరు విప్పలేదు.

“ఏందన్నా, ఎవ్వరు ఒర్రుతలేరు?” అంది పక్కనున్న మంజులత.

“యాక్షన్ చెప్తలేరు గదా!”

అన్నాక భిక్షానికి సిగ్గేసింది. కళ్లు మూసుకుని తనే గట్టిగా “యాక్షన్!” అన్నాడు. ఇక చూడాలి, నినాదాలకు గేటు దద్దరిల్లింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి తనకోసం తాను అరుస్తుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. (గ్లిజరిన్ లేకుండానే.)

వెంకటేశ్వరరావు మేడ మీదినుంచి అంతా కెమెరాతో తీయించారు. తర్వాత చప్పట్లు కొట్టి, “కట్! అద్భుతమండీ! షాట్ ఓకే. ప్యాకప్!” అన్నారు.

యాభైమందీ పిడికిళ్లు దించారు. మంజులత టిఫిన్ డబ్బా సర్దుకుంది. అందరినీ ఆగమందామనే అనుకున్నాడు భిక్షం, కానీ కాళ్లు అప్పటికే కృష్ణానగర్ దారి పట్టాయి. సమ్మెను శాంతియుతంగా విరమించారని సుబ్రహ్మణ్యం రాసుకున్నారు.

ఆర్నెల్లకు వెంకటేశ్వరరావు సినిమా వచ్చింది. షూటింగులకు ఎవరూ పిలవడం లేదు కాబట్టి, తీరిగ్గా మొదటి ఆటకే వెళ్లాడు భిక్షం. తెర నిండా ఐదువేల మంది, అందులో నూరుమంది భిక్షాలు. నూరుమందీ ఒక్కసారే పిడికిలెత్తారు.

సమ్మె గెలిచింది.