ఎక్స్‌రేలో మచ్చ

ఆ ఉదయం ఖగోళ పరిశోధకుడి పథకం చాలా చిన్నది. పదింటికల్లా వ్యాసం పత్రికకు పంపేయడం, ఆపైన గొప్పవాడైపోవడం. పక్క గెలాక్సీలో పదిలక్షల సూర్యుళ్లంత వెలుగుతో ఎక్స్‌రేలు చిమ్ముతున్న ఒక చుక్కను పట్టుకుని అతను మూడేళ్లుగా వేలాడుతున్నాడు.

గడ్డం గీసుకుంటూ సహోద్యోగికి ఫోన్ చేశాడు. "ఎక్స్‌రే మళ్లీ చూశాను. మచ్చ ఉంది, అనుమానం లేదు. పోయినేడాదికంటే రెండింతలైంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

తలుపవతల అతనికివ్వడానికి తువ్వాలు పట్టుకుని నిలబడ్డ అత్తగారు అది విని, ఆ తువ్వాలుతో తన కళ్లే ఒత్తుకున్నారు.

అతను బయటికొచ్చేసరికి భార్య ముక్కు ఎగబీలుస్తోంది. "నాతో ఒక్క మాటైనా అనలేదేమండీ?"

"నీకు విసుగని..."

"విసుగా! ఎంత పెద్దదట?"

"అదింకా తేలలేదు. ఇలాంటిది నాకు దొరకడమే అదృష్టం!"

ఆమె కుర్చీలో కూలబడింది. తన శ్రమ ఇన్నాళ్లకు ఇంట్లోవాళ్ల మనసుకు తాకిందని అతను పొంగిపోయాడు.

ఈలోగా అత్తగారు ఆఫీసుకు ఫోన్ చేశారు. డైరెక్టరు జాలిపడి రెండు నెలల సెలవిచ్చి, వచ్చేవారం అతను చేయాల్సిన ప్రసంగాన్ని మరొకరికి అప్పగించేశారు. కాసేపటికి, ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే బావమరిది రొప్పుకుంటూ వచ్చాడు.

"ఏదీ బావా, ఫిల్మ్ చూపించు."

అతను గర్వంగా కంప్యూటర్ తెరిచాడు. బావమరిది తేరిపార చూశాడు. "ఇది ఛాతీ కాదే!"

"ఛాతీ ఏంట్రా? గెలాక్సీ!"

భార్య ఏడుస్తూనే నవ్వేసింది. అత్తగారు దిండు మీదికి వాలిపోయారు. బావమరిది మాత్రం అలవాటుకొద్దీ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"ఈ మచ్చ నిజంగా అందులోదేనా బావా? మా దగ్గర చొక్కా గుండీ కూడా ఊపిరితిత్తిలో మచ్చలాగే కనిపిస్తుంది. ముందు చొక్కా విప్పించి చూస్తాం."

"అందులోదే!" అన్నాడు అతను గట్టిగా. అయినా, మూడేళ్లలో తెరవడానికి తీరిక దొరకని ఎక్స్‌రే చుక్కల పాత జాబితా ఒకటి తెరిచాడు. చుక్క అందులో ఉంది. పన్నెండేళ్ల కిందటే ఎవరో దాని దూరం కొలిచి పెట్టారు. అది పక్క గెలాక్సీలోది కాదు. దాని వెనక, కొన్ని వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరో గెలాక్సీ నడిబొడ్డు. పెద్ద కృష్ణబిలం ఉండే అలాంటిచోట అంతకు ఎన్నో రెట్ల వెలుగు కూడా మామూలే.

కంప్యూటర్ మూసేశాడు. అప్పటికే పక్క గదిలోకి వెళ్లిన అత్తగారు చుట్టాలందరికీ వరసగా ఫోన్లు చేస్తున్నారు. "ఏమీ లేదటమ్మా! ఉత్తినే కంగారుపడ్డాం. మచ్చ అనుకున్నది అసలు అందులోదే కాదట!"

మూడేళ్ల పరిశోధనకు అంతకంటే క్లుప్తమైన, తప్పుల్లేని సారాంశం తాను రాయలేనని అతను ఒప్పుకున్నాడు.