సముద్రం ముందు ఆఫీసు గోడ

ఒక మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల ఉండవచ్చు. అవును, మీరు సరిగ్గానే చదివారు!

ఈ మాట రాస్తున్నది ఎవరో కాదు, నేనే. గాలిలోంచి వస్తువులు తీసే మహిమాన్వితుల చొక్కా చేతులు మడిచి చూపించమని నిండు సభలో అడిగినవాణ్ణి. ఒకే ఉదయం రెండు ఊళ్ళలో కనిపించాడని పేరుపడ్డ మహానుభావుడికి ఒక కవల సోదరుడున్నాడని నిరూపించి, భక్తుల చేతికి చిక్కకుండా గోడ దూకినవాణ్ణి. ఉద్యోగ విరమణ తర్వాత కూడా ఆ అలవాటు మానలేదు. అలాంటి నేను ఇప్పుడు ఓటమి అంగీకరిస్తున్నాను.

ఆ మహిమను మా మేనకోడలు చేసి చూపించింది. దానికి తపస్సు అక్కరలేదు. లీవు పెడితే చాలు!

ఆమె ఒక బీమా కంపెనీలో పనిచేస్తుంది. ఓడల్లో వచ్చిన సరుకు నిజంగా తడిసిందా, పరిహారం కోసం తడిపారా అన్నది తేల్చడం ఆమె పని. కొన్ని నెలలుగా ఆమెకు నిద్ర పట్టడం లేదు. భోజనం చేస్తూ మధ్యలో ఆగిపోతుంది; ఎందుకు ఆగిందో మరిచిపోతుంది. వైద్యురాలు మందులేవీ రాయలేదు. “కొన్నాళ్ళు ఎవరికీ దొరక్కుండా పో” అన్నది.

పిల్ల ఒక చిన్న ఉష్ణమండల ద్వీపాన్ని ఎంచుకుంది. పొద్దున్నే ఒడ్డు వెంట బయలుదేరితే సాయంత్రానికి చుట్టూ తిరిగి, అలలు దయతలిస్తే, ఇసుకలో మన అడుగుల్ని మనమే కలుసుకోవచ్చునట. ఆమె కోరుకున్నది ఆ ఒక్క నడక.

“ఒక్కదానివే అక్కడ ఏం చేస్తావే?” అని మా అక్కయ్య నిలదీసింది.

“ఏమీ చెయ్యనమ్మా. అందుకే వెళ్తున్నా.”

కంపెనీ లీవు మంజూరు చేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ సామెతలో మొదటివాడి సంగతి నాకు తెలియదు గానీ, రెండోవాడికి మాత్రం తిరుగులేని సాక్ష్యం ఉంది. ఆయన ఆమె మేనేజరు. సిబ్బంది చాటుగా “చిన్నపని గారు” అని పిలుస్తారు.

మొదటి ఉదయం ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నీటి అంచున నిలబడగానే ఫోన్ మోగింది.

“లీవులో ఉన్నావని తెలుసమ్మా. అస్సలు డిస్టర్బ్ చెయ్యను. ఒక్క చిన్న పని.”

పని చిన్నదే. దాన్ని పంపడానికి కావలసిన సిగ్నల్ మాత్రం ఆ ద్వీపం మొత్తం మీద నీటి అంచునున్న ఒకే ఒక కొబ్బరిచెట్టు కింద నివసిస్తోంది. అక్కడ బస యజమానురాలు ముందుచూపుతో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించింది.

“ఎవరిదండీ ఈ కుర్చీ?” అని మా పిల్ల అడిగింది.

“విశ్రాంతికి వచ్చినవాళ్ళదమ్మా. నెత్తిన పడకుండా కాయలన్నీ దింపించేశాం. నువ్వు కదలకు, లైను పోతుంది. అంతే!”

చూశారా? పూర్వం అన్వేషకులు దీవులు చూడాలంటే ఎంత తిరిగేవారు! ఎంత శ్రమ! ఎంత కాలహరణం! మా పిల్ల ఒక్క కుర్చీలో కూర్చుని ఒక్క చెట్టును అధ్యయనం చేసింది. దాని బెరడు మీద చీమలు ఏ వేళకు పైకెళ్తాయో, ఏ వేళకు దిగుతాయో ఆమెకు తెలుసు. ద్వీపానికి అవతలి ఒడ్డు కూడా ఉందని విన్నదట.

ఇక అసలు మహిమకు వస్తాను. చిన్న పనులు పెద్దవై, మీటింగ్ అయ్యాయి. పత్తి బేళ్ళు తడిశాయా లేదా అన్న చర్చ. ఇక్కడ అల వచ్చి ఆమె పాదాలు తడిపి పోతోంది. స్క్రీన్ మీద చిన్నపని గారు ముఖం చిట్లించారు.

“ఆ బ్యాక్‌గ్రౌండ్ తీసెయ్యమ్మా. క్లయింట్లున్నారు. మరీ సినిమాలా ఉంది.”

“బ్యాక్‌గ్రౌండ్ కాదు సార్. సముద్రం.”

“నిజందా?”

“నిజందే సార్.”

“అయితే అసలు బాగోదు. మన ఆఫీసు గోడ ఫొటో ఉంది చూడు, అది పెట్టుకో.”

పెట్టుకుంది! నిజమైన సముద్రానికీ నిజమైన మనిషికీ మధ్య దొంగ గోడ లేచింది. ఆ రోజు నుంచి ప్రతి మీటింగులోనూ అదే గోడ. ఇంతటి నిర్మాణం ఇటుక లేకుండా, మేస్త్రీ లేకుండా ఏ యుగంలో జరిగింది చెప్పండి?

ఈ ఏర్పాటును తప్పుపట్టేవారు చరిత్ర ఎరుగని అమాయకులు. వెనకటి రోజుల్లో గుమాస్తా సెలవు మీద వెళ్తే నిజంగానే వెళ్ళిపోయేవాడు. అతను లేకపోయినా ఆఫీసు నడిచేది. కొంపలేవీ మునిగేవి కావు. ఎంత ప్రమాదకరమైన జ్ఞానం! అది సిబ్బందికి తెలిస్తే ధీమా, పై అధికారులకు తెలిస్తే దిగులు. ఇప్పుడు ఆ రహస్యం ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

తిరిగి వచ్చాక పిల్ల మేనేజరు గదికి వెళ్ళింది.

“రోజూ పనిచేశాను సార్. నా లీవులు నాకు తిరిగి ఇప్పించండి.”

“అదెలా కుదురుతుందమ్మా? నువ్వు ద్వీపంలో ఉన్నావు కదా!”

“అయితే పత్తి ఫైలు ఆలస్యానికి నాకు మెమో ఎందుకిచ్చారు సార్?”

“అదేంటి, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా! నీ వెనకాల గోడ అందరం చూశాం.”

తర్కశాస్త్రం మీద నా అలమరలో రెండు అరల పుస్తకాలున్నాయి. ఈ వాదనకు జవాబు వాటిలో లేదు. లీవు లెక్కకు ఆమె ద్వీపంలో ఉంది. తప్పు మొయ్యడానికి ఆఫీసులో ఉంది. ఒకే మనిషి, ఒకే సమయం, రెండు చోట్లు! ఇక నేనెవరి కవల సోదరుణ్ణి వెతకను?

ఆ ఆదివారం ఆమె మా ఇంటికి భోజనానికి వచ్చింది.

“సముద్రం ఎలా ఉందే?” అని అడిగాను.

ముద్ద నోటి దాకా తెచ్చి ఆగింది.

“ఏమో మావయ్యా. నా వెనకాల ఉండింది.”

ఆ ముద్ద మళ్ళీ కంచంలోకే వెళ్ళిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకు గుర్తులేదు. నాకు తెలుసు.

పాఠకులారా, హేతువాదికి ఒక క్రమశిక్షణ ఉంటుంది. కొత్త సాక్ష్యం దొరికితే పాత ప్రతిపాదనను సవరించాలి. కాబట్టి మొదటి వాక్యాన్ని నిలబెడుతూనే, పేరు మాత్రం మారుస్తున్నాను. మా పిల్ల ఆఫీసులో లేదు. ద్వీపంలోనూ లేదు. ఆ రోజుల్లో తన కుర్చీలో కదలకుండా కూర్చుని, అదే క్షణాన ఆ కొబ్బరిచెట్టు నీడనూ ఏలినవారు చిన్నపని గారు ఒక్కరే.

పడవ టికెట్టు మాత్రం మా పిల్ల కొంది.