దండెం మీద బెల్లం

1978 ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం సోమసుందరం గారి కార్యక్రమం అతి స్వల్పమైనది. పెరటి దండేనికి బట్టల క్లిప్పులతో వరుసగా వేలాడదీసిన నలభై ఫిలిం ముక్కలను అతికించడం, సాయంత్రం ఆరింటికి పంచాయతీ హాలులో ప్రదర్శించడం. మద్రాసులో సహాయ ఎడిటరు ఉద్యోగాన్ని కాదని, సొంత కెమెరాతో నర్సీపట్నం వచ్చి, పెళ్ళిళ్ళు చిత్రీకరిస్తూ కాలం గడుపుతూ ఆయన నిర్మించిన తొలి చిత్రం అది. చెరకు బెల్లమయ్యే విధానం దాని విషయం. జిల్లా అధికారి అప్పలనరసింహం గారు మెచ్చితే తాలూకాకొక చిత్రం తీసే పని ఆయనకే దక్కుతుంది. మెచ్చకపోతే మళ్ళీ మద్రాసు మెయిలే.

దండెం చివర మరో అయిదు ముక్కలు ఆరుతున్నాయి. అవి పంచాయతీ ప్రెసిడెంటు సుందరరామయ్య గారి కుమార్తె పెళ్ళివి.

ఆయన తెర కట్టించడానికి హాలుకు వెళ్ళిన అరగంటకు అకాలపు మబ్బు కమ్మింది. ఆయన భార్య వర్ధనమ్మ గారు గాభరా పడ్డారు.

"బుల్లమ్మా, బేగి రా! ఆయన సినిమా తడిసిపోతాది!"

ఉతికిన బట్టలు తెచ్చిన చాకలి బుల్లమ్మ మూట దించి పరుగెత్తింది. ముప్పై ఏళ్ళుగా తువ్వాళ్ళు పైన, పంచెలు నడుమ, చీరలు అడుగున పేర్చిన చేయి ఆమెది. నలభై అయిదు ఫిలిం ముక్కలనూ అలాగే పొట్టివి పైన, పొడుగువి అడుగున పేర్చి, శుభ్రమైన గుడ్డలో చుట్టిపెట్టింది.

మూడింటికి సోమసుందరం గారు రొప్పుతూ వచ్చారు. "ఆఫీసరు గారు అప్పుడే దిగిపోయారు! నాలుగున్నరకే ఆట వెయ్యాలట! ఫిలిం తడిసిందా?"

"ఒక్క సుక్క పడనేదు బాబూ. సక్కగా సర్దీసినాను."

ఆ మూట చక్కదనమే ఆయనను ముంచింది. ఇంత పొందికగా ఉన్నది తప్పుగా ఉండదని నమ్మి, పైనుంచి అడుగుదాకా కళ్ళు మూసుకున్నట్టే అతికించేశారు.

చిత్రానికి శబ్దం లేదు. వ్యాఖ్యానం ఆయనే మైకు ముందు నిలబడి చదవాలి. దీపాలు ఆరాయి.

"మొదట నేలను దున్నుదురు" అన్నారు గంభీరంగా. తెరపై ఎద్దు కన్ను, పొయ్యి మంట, పాకం బుడగ రెప్పపాటుకొకటిగా మెరిశాయి. వరుస తప్పిందని ఆయనకు తెలిసిపోయింది. అయినా ఆపితే పరువు దక్కదు.

"చెరకును యంత్రమున పెట్టి పిప్పి చేయుదురు."

సుందరరామయ్య గారు పెళ్ళి పంక్తిలో బూరె నములుతూ ప్రత్యక్షమయ్యారు. హాలు గొల్లుమంది.

"పిమ్మట మడ్డి పైకి తేలును." ప్రెసిడెంటు గారి వియ్యంకుడు చేతులు జోడించి నవ్వుతూ తెర నిండా తేలారు. "దానిని గరిటెతో తీసి పారవేయుదురు."

ముందు వరుసలో సుందరరామయ్య గారు లేచి నిలబడ్డారు. "ఏటయ్యా సోమసుందరం! మా వియ్యంకుడు మడ్డా?"

"కూకోండి పెసిడెంటుగోరూ, బొమ్మ కనపడ్డంనేదు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

ముక్కలు పొట్టినుంచి పొడుగుకు నడుస్తున్నాయని ఆయనకు అప్పటికి బోధపడింది. వ్యాఖ్యానం అయిపోయింది. చిట్టచివర, అన్నిటికంటె పొడుగు ముక్క వచ్చింది. రావికమతం రైతు ఒకడు పొయ్యి పక్కన కూర్చుని, ఆ ఏటి తొలి బెల్లం నాలుక మీద వేసుకుని, నిండా ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాడు. హాలంతా అతనితో పాటు గుటక వేసింది.

దీపాలు వెలిగాయి. అప్పలనరసింహం గారు లేచారు. "ఇలాంటి డాక్యుమెంటరీలు వంద చూశానండీ. వందసార్లూ నిద్రపోయాను. ఇవాళ కునుకు పట్టలేదు. ఎడిటింగు ఎవరిదండీ?"

వృత్తి విషయంలో అబద్ధమాడని సోమసుందరం గారు నిటారుగా నిలబడ్డారు. "మా బుల్లమ్మదండీ."

హాలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న బుల్లమ్మ గర్వంగా కొంగు సర్దుకుంది. "అదేటి పెద్ద పనా బాబూ? మా ఇంట్లో పిల్లలు కూడా సేత్తారు."

పని దక్కింది. రెండో చిత్రాన్ని సోమసుందరం గారు నిష్ఠగా, వరుస తప్పకుండా తామే అతికించారు. 'ఎడిటింగులో మునుపటి చేయి కనిపించలేదు' అని ఆఫీసరు గారు ఉత్తరం రాశారు.

మూడో చిత్రానికి ఆయన ముక్కలన్నీ దండెం మీద వేసి, బుల్లమ్మకు కబురు పంపి, మబ్బు కోసం ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నారు.