ఊరందరికీ డెంగీ

ఆ పొద్దున అనంతపద్మనాభం గారు పెట్టుకున్న పని ఒక్కటే. కూతురు మహతి స్నానం చేసి వచ్చేలోగా ఆమె ఫోనుకు పూజ చెయ్యాలి. ఆ రోజు పంచాయతీ ఆఫీసులో ఆ ఫోనుకు పరీక్ష. గుంటూరు నుంచి పెద్ద డాక్టరు రామకాంత్ గారు వస్తున్నారు. ఆయన సరేనంటే మహతి ఇన్నేళ్ళ కష్టం ఆసుపత్రులకు చేరుతుంది, కాదంటే అటకెక్కుతుంది.

డెంగీ కిట్ మీద రక్తపు చుక్క వేస్తే, జబ్బున్న వాళ్ళకు ఎర్ర గీత వస్తుంది. జ్వరం మొదట్లో ఆ గీత మరీ పలచగా ఉండి కంటికి ఆనదు. ఫోను ఫొటో తీస్తే, మహతి రాసిన ప్రోగ్రాం లెక్కలు కట్టి దాన్ని పట్టేస్తుంది. అదీ సంగతి.

ఊళ్ళో కొత్త ట్రాక్టరు వచ్చినా, మోటారు బిగించినా బొట్టు పెట్టేది పూజారి అనంతపద్మనాభం గారే. సొంత కూతురి ఫోనుకు పెట్టరూ? కళ్ళున్న వైపే కదా ముఖమని, ఫోనును కెమెరా ఉన్న వైపుకు తిప్పి, దాని మీదే తడి కుంకుమ నిండుగా అద్దారు. చూస్తే తిడుతుందని మళ్ళీ పైపైన తుడిచేశారు.

పంచాయతీ ఆఫీసులో పరీక్షకు మొదటి వేలు సర్పంచ్ అంకమ్మరావుది. ఫోను కుయ్యిమంది.

"పాజిటివ్ అండీ," అంది మహతి.

"నాకా? నాకు తుమ్ము కూడా రాలేదమ్మా!"

"మొదట్లో అంతేనండి. గీత మన కంటికి కనపడదు."

ఆయన భార్య వెంకటేశ్వరమ్మకూ కుయ్యిమంది. పోస్టుమాన్ ఏసోబుకూ అంతే. కనపడని గీతను ఎవరు మాత్రం కాదంటారు? గంట తిరక్కుండా ఊళ్ళో బొప్పాయి చెట్లకు ఆకన్నది మిగల్లేదు. పత్తి తీతకొచ్చిన కూలీలు మూటాముల్లె సర్దుకుని ఆటో ఎక్కారు.

"ఒరేయ్, ఆగండ్రా! పత్తంతా చేలోనే ఉందిరా!" అంటూ అంకమ్మరావు ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో బొప్పాయాకు రసం గ్లాసు పట్టుకుని పరిగెత్తాడు.

అనంతపద్మనాభం గారు మాత్రం లోలోపల పొంగిపోయారు. ఒక్కరినీ వదలడం లేదే, తన పూజ ఎంత బాగా పనిచేసిందో!

రామకాంత్ గారికి అనుమానం వచ్చింది. కొత్త కిట్ తీసి, తన సీసాలోంచి మంచినీళ్ళ చుక్క వేశారు. ఫోను కుయ్యిమంది.

"నీళ్ళకు కూడా డెంగీయేనా అమ్మా?"

మహతి ముఖం పాలిపోయింది. అది చూసి తండ్రి ప్రాణం ఉసూరుమంది.

"తప్పు నాదేనండీ. పొద్దున ఫోనుకు బొట్టు పెట్టాను."

"ఎక్కడ నాన్నా?"

"ముఖాన్నే, తల్లీ."

ఉత్తరీయంతో కెమెరా అద్దం మీది ఎర్ర మరక తుడిచి, అవే కిట్లకు మళ్ళీ ఫొటోలు తీస్తే అందరికీ నెగెటివ్. అంకమ్మరావు గ్లాసు విసిరేసి ఆటో వెనకాల పడ్డాడు. రామకాంత్ గారు మాత్రం కుర్చీలోంచి లేచారు.

"ఇందాక అందరికీ ఉందంది. ఇప్పుడు ఎవరికీ లేదంటోంది. ఏం చూసి సరేననమంటావమ్మా?"

మహతికి ఒళ్ళు మండింది. "ఇంకొక్కటి, మీ చేత్తోనే చెయ్యండి," అని తన వేలు చాపింది.

ఆయన చేశారు. కిట్‌ను వెలుతురుకేసి పెట్టి చూశారు. ఏ గీతా లేదు. ఫోను కుయ్యిమంది. జేబురుమాలుతో తనే అద్దం తుడిచి మళ్ళీ తీశారు. మళ్ళీ కుయ్యిమంది. మహతి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే కాలిపోతోంది.

"తలనొప్పి టెన్షన్ వల్లనుకున్నానండీ," అంది మహతి.

సాయంత్రానికి మహతిని గుంటూరు ఆసుపత్రిలో చేర్చాక, అక్కడి ల్యాబు కూడా అదే మాట చెప్పింది. "మొదట్లోనే దొరికింది, భయం లేదు. నీ ప్రోగ్రాంకి నేను సరేనంటున్నాను," అన్నారు రామకాంత్ గారు. సెలైన్ పెట్టిన చెయ్యి కదపకుండానే మహతి నవ్వింది. ఏడవాలో నవ్వాలో తెలియక అనంతపద్మనాభం గారు మిఠాయి కొట్టుకు పరిగెత్తారు.

కూతురికి డెంగీ వచ్చిందని వార్డంతా లడ్డూలు పంచిన తండ్రి ఆ ఆసుపత్రిలో ఆయనొక్కరే.