పచ్చబోర్డుల వీధిలో భోజనం

దేశభద్రత కన్నా కడుపుభద్రత ముఖ్యం. శత్రువు దేశం మీదికి ఎప్పుడో ఒకసారి వస్తాడు. కడుపు మీదికి పూటపూటకూ వస్తాడు. ఈ సిద్ధాంతాన్ని తల్లి ఏ పుస్తకంలోనూ చదవలేదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడకు కీడెంచడంతోనే సగం జీవితం గడిచిపోయి, మేలెంచడానికి తీరిక దొరకలేదు. మంచినీళ్ళు కాచి, చల్లార్చి, వడగట్టి, గ్లాసులోకి మరోసారి అనుమానంగా చూసిగాని తాగేది కాదు.

అలాంటి తల్లి కడుపున పుట్టిన కూతురికి ఉద్యోగం ఇంకెక్కడ దొరుకుతుంది? నగరంలో హోటళ్ళ శుభ్రత చూసే ఆఫీసులోనే దొరికింది. శుభ్రంగా ఉన్న హోటలుకు పచ్చబోర్డు, లేనిదానికి ఎర్రబోర్డు తగిలించడం ఆ ఆఫీసు పని. పచ్చబోర్డు మీద 'పరిశుభ్రము. నిర్భయముగా భుజింపవచ్చును' అని ఉంటుంది. కింద, తనిఖీ చేసినవారి సంతకం.

అప్పటినుంచి తల్లి కాలు నేలమీద నిలిస్తే ఒట్టు. పక్కింటి వదినకు గోడమీదుగా రోజూ అదే పారాయణం.

"వీధి వీధంతా మా అమ్మాయి సంతకమే వదినా. మీరు ఎప్పుడు వెళ్ళినా పచ్చబోర్డు చూసుకుని కూర్చోండి. నాదీ పూచీ."

ఆ వీధిని కళ్ళారా చూద్దామని తల్లి నగరానికి వచ్చింది. వచ్చిన మర్నాడే గండం. కూతురి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పెద్దసారు ఆ రోజు సంతకం పెడితే ఉంటుంది, పెట్టకపోతే ఊడుతుంది. ఆయన పెట్టిన పరీక్ష కూడా మామూలుది కాదు.

"మీ అమ్మగారు వచ్చారటగా. ఒంటిగంటకు గడియారస్తంభం దగ్గరికి వస్తాను. ముగ్గురం కలిసి భోంచేద్దాం. ఖర్చు నాది, ఎంపిక నీది. భోజనానికి చోటు ఎంచడం రానివాళ్ళు మన ఆఫీసుకు పనికిరారు" అన్నాడట.

తల్లీకూతుళ్ళిద్దరూ ముందుగానే బయలుదేరారు. వీధి కిటకిటలాడుతోంది. స్కూటర్లు మనుషుల మధ్యనుంచీ, మనుషులు స్కూటర్ల మధ్యనుంచీ దూరిపోతున్నారు. ప్రతి గుమ్మంలోనూ ఒకడు నిలబడి దారినపోయేవాళ్ళను చెయ్యిపట్టి లాగినంత పని చేస్తున్నాడు. ప్రతి గుమ్మం పైనా పచ్చబోర్డు. ప్రతి బోర్డు కిందా కూతురి సంతకం. తల్లి మొదటి బోర్డు దగ్గరే ఆగిపోయి, కొంగుతో దాని మీది దుమ్ము తుడిచింది.

"ఇక్కడే తిందామే. నీ చేతిరాత కింద కూర్చుంటే నాకు కొండంత ధైర్యం."

"ఇక్కడొద్దమ్మా. ఇరుకు."

లోపల పెళ్ళి చెయ్యొచ్చు, అంత చోటుంది. పోనీలే అనుకుని తల్లి ముందుకు కదిలింది. తర్వాతి హోటలుకు అద్దాల తలుపులు.

"ఇదీ వద్దు. లోపల చలి. నీకు జలుబు చేస్తుంది."

జలుబు మాట వినగానే తల్లి నాలుగడుగులు వెనక్కి వేసింది. ఆ పక్కదాని దగ్గర కూతురు అసలు ఆగనే లేదు. "వీళ్ళు వడ్డించేసరికి పొద్దుగూకుతుంది" అంటూ సాగిపోయింది.

తల్లి కూతురి మొహంలోకి తొంగిచూసింది. దీని మొహంలో ఏదో తేడా ఉంది. వీళ్ళ దగ్గర ఏమైనా పుచ్చుకుందా? పట్టుబడిందా? లేక ఆ గుమ్మంలో నూనె తలతో పిలుస్తున్నవాడిని గాని ప్రేమించిందా? వాడు దాన్ని చూసి వంగి మరీ దణ్ణం పెట్టాడు కూడాను. పేపరుకెక్కబోయే వార్త పెద్దక్షరాలతో సహా ఆవిడ కళ్ళకు కట్టింది.

"ఒసే, నా మీద ఒట్టేసి చెప్పు. వాడెవడు?"

"ఎవడు?"

"ఆ నూనె తలవాడు. నీకేమవుతాడు?"

"అమ్మా, వాడు నాకేమవుతాడే. నేను వాళ్ళ వంటిల్లే చూడలేదు."

"చూడకుండా సంతకమెలా పెట్టావు?"

కూతురు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మంత్రిగారు ఈ వీధిలో నడుస్తారని కబురొచ్చింది. వీధి పచ్చగా కనిపించాలన్నారు. చెట్లు నాటితే ఎదగడానికి టైము పడుతుంది కదా. బోర్డులు తగిలించాం."

తల్లి బోర్డు తుడిచిన కొంగును దులిపేసుకుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని తెలుసుగాని, కన్నకూతురి సంతకం భోజనానికి పనికిరాదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. వీధి చివర గడియారస్తంభం దగ్గరికి చేరేసరికి ఒంటిగంటయింది. భోజనానికి చోటు తేలలేదు. ఉద్యోగం పోయినట్టే. ఉద్యోగం పోయిన పిల్లకు సంబంధాలెలా వస్తాయనే దాకా తల్లి వెళ్ళేసరికి, పెద్దసారు గొడుగు ఊపుకుంటూ రానే వచ్చాడు.

"ఏమ్మాయ్, ఎక్కడ తిందాం?"

కూతురు చెమట తుడుచుకుంది. "ఇంకా తేలలేదు సార్. అదేమో ఇరుకు."

"ఇరుకే."

"ఇదేమో చలి సార్."

"మహా చలి."

"అక్కడ బాగా ఆలస్యం చేస్తారు."

"చేస్తారు, చేస్తారు" అంటూ పెద్దసారు తలూపి, తల్లి వైపు తిరిగాడు. "అమ్మగారూ, మీ అమ్మాయి గట్టిది. నిరుడొకడు తన బోర్డున్న చోటికే నన్ను తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. పాపం, అమాయకుడు. వాడు ఉద్యోగంలోకీ రాలేదు, నేను వారం దాకా ఆఫీసుకూ రాలేదు. పదండి."

ఆయన వాళ్ళను పక్క సందులోకి మళ్ళించాడు. సందు చివర చిన్న హోటలు. గుమ్మం పైన ఎర్రబోర్డు. 'అపరిశుభ్రము. భుజించువారు తమ స్వంత బాధ్యతపై భుజింపవలెను.' కింద పెద్దసారు సంతకం.

తల్లి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "బాబూ, దానికి తండ్రి లేడు. ఉన్నది నేనొక్కదాన్ని. మా ఇద్దరికీ ఒకేచోట ఏమైనా అయితే..."

"లోపలికి చూడండి అమ్మగారూ."

చూసింది. బల్లలు అద్దంలా ఉన్నాయి. నేల తన వంటింటి నేలకన్నా శుభ్రంగా ఉంది. అది ఆవిడ మనసుకు కొంచెం కష్టంగా కూడా తోచింది. బల్లల చుట్టూ కూతురి ఆఫీసు ఆఫీసంతా వంచిన తల ఎత్తకుండా తింటోంది.

"మరి ఎర్రబోర్డు?" అంది తల్లి.

"వీధంతా పచ్చబోర్డులే అయితే మేం ఏమీ చూడలేదని పైవాళ్ళు అనుమానించరూ? ఒక్కటైనా ఎర్రది ఉండాలి. తప్పు రాయాలంటే లోపలికెళ్ళి చూడాలి కదా. అందుకని ఈ ఒక్కదాన్నీ నిజంగా చూశాం. చేతులు కడిగే చోట అద్దం పగిలింది, అంతే. ఇంకేం దొరకలేదు. ఆ అద్దాన్ని మార్చనివ్వకుండా కాపాడుకొస్తున్నాం."

"యజమాని ఊరుకున్నాడా?"

"ఉద్యోగం ఖాయమైనవాళ్ళమంతా రోజూ ఇక్కడే తింటుంటే ఆయనకేం లోటు? ఎర్రబోర్డు చూసి బయటివాళ్ళు రారు, మాకు బల్ల దొరుకుతుంది."

వేడివేడి అన్నం వచ్చింది. తల్లి మొదటి ముద్ద భయంగా, రెండోది జాగ్రత్తగా తింది. మూడోదానికి కూర మళ్ళీ వేయించుకుంది. చెయ్యి కడుక్కొచ్చాక పెద్దసారు జేబులోంచి కాగితం తీసి, పక్కవాడితో మాట్లాడుతూనే సంతకం గీకేశాడు. ఉద్యోగం ఖాయం.

"చదివే పెట్టారా బాబూ?" అని తల్లి అడగబోయింది. కూతురు కాలు తొక్కింది.

బయటికి రాగానే తల్లి చేతిసంచిలో ఫోను మోగింది. పక్కింటి వదిన.

"వదినా, ఆదివారం పిల్లల్ని తీసుకుని నగరం వస్తున్నాం. మధ్యాహ్నం మీ అమ్మాయి వీధిలోనే భోజనం. పచ్చబోర్డు చూసుకుని కూర్చుంటాం."

తల్లి గొంతు సవరించుకుంది. "తప్పకుండా రండి వదినా. అంతటా దాని సంతకమే. నిర్భయంగా భుజించవచ్చు. కాకపోతే ఒకటి ఇరుకు. ఇంకోటి బాగా చలి, పిల్లలకు పడదు. మూడోదాంట్లో వడ్డించేసరికి పొద్దుగూకుతుంది. ఎందుకొచ్చిన అవస్థ, ఇంటినుంచే ఇంత వండి తెచ్చుకోండి. బోర్డులు చూసి ఆనందించండి." ఒక్కక్షణం ఆగి, మళ్ళీ అంది. "ఇంకో మాట. సందు చివర ఎర్రబోర్డు హోటలొకటి ఉంది. పిల్లలున్నవాళ్ళు, అటువైపు మాత్రం కన్నెత్తి చూడకండి."

ఫోను పెట్టేసేసరికి కూతురు నోరు తెరిచి చూస్తోంది.

"అదేమిటమ్మా, అబద్ధం?"

"ఆదివారం మనకి బల్ల దొరకొద్దుటే?" అంది తల్లి.