చీకట్లో పడుకోబెట్టిన డ్రమ్ము

ఆ ఉదయం కెమిస్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, బీరువాలో దాచిన డ్రమ్మును సంచిలో పెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాలి. మధ్యాహ్నం దాన్ని ప్రింటర్లో బిగించి, కొనడానికి వచ్చేవాళ్ళకు శుభ్రమైన పేజీ ఒకటి తీసి చూపించాలి. పేజీ బాగుంటే కొత్త ల్యాబు అతనిది. బాగోకపోతే బదిలీ. మేనేజరు మూడో దారి మిగల్చలేదు.

డ్రమ్మంటే లేజర్ ప్రింటర్లో తిరిగే గొట్టం. దాని మీద అతను ఏళ్ళ తరబడి తంటాలుపడి తయారుచేసిన నీలి పూత ఉంది. లేజరు వెలుగు తగిలినచోటే పొడి అంటుకుని అక్షరం పడుతుంది. వచ్చిన చిక్కల్లా, ఆ పూతకు లేజరూ కిటికీ ఎండా ఒకటే. ల్యాబులో అందరికీ తొంగిచూసే జబ్బని, నల్లగుడ్డ చుట్టి ఇంటికి తెచ్చాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డాడు.

"ఇదేంటి బాబూ, ఇంత నున్నగా ఉంది?" తువ్వాలు కోసం బీరువా తెరిచిన అత్తగారు, డ్రమ్మును కిటికీ దగ్గర తిప్పుతూ అడిగింది.

కెమిస్టు సబ్బు నురుగుతోనే పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, దానికి వెలుతురు తగలకూడదండీ! ఇంక చీకట్లో కదలకుండా పడుకోనివ్వండి. మధ్యాహ్నానికి కోలుకుంటుంది."

కోలుకుంటుందని అనకుండా ఉండాల్సింది. జబ్బుపడ్డవాళ్ళను మాటిమాటికీ పలకరించకపోతే ఆ ఇంట్లో ప్రేమ లేనట్టే లెక్క. అతను చొక్కా తొడుక్కునేలోగా భార్య గుడ్డ విప్పింది.

"పాపం, ఎలా ఉందోనని చూశానండీ, అంతే."

తప్పు తనదే కదాని అత్తగారు ఇంకోసారి విప్పింది. "నీలంగానే ఉంది బాబూ. నయమే!"

"మీరు చూస్తుంటే దానికెలా నయమవుతుందండీ?" అని అరిచి, ఎక్కడైనా మచ్చ పడిందేమోనని కెమిస్టు తనే విప్పి చూశాడు.

ఫ్యాక్టరీకి వెళ్ళగానే డ్రమ్మును మేనేజరుకు అప్పగించాడు. "దయచేసి ఎవరినీ తెరవనివ్వకండి సార్."

"నా గదిలో ఉంటే చీమ కూడా ముట్టుకోదయ్యా" అన్నాడు మేనేజరు.

మధ్యాహ్నం పేజీ బయటికొచ్చింది. కాగితమంతా మసి. మధ్యలో తెల్లగా ఒక అరచెయ్యి, ఐదు వేళ్ళతో సహా. ఎండ పడినంతమేరా పూత అలసిపోయింది. చెయ్యి కప్పినచోటు మాత్రం చల్లగా బతికిపోయింది. అది అత్తగారి చెయ్యే అనుకున్నాడు కెమిస్టు.

"తప్పు మా ఇంట్లోదే మేడమ్..." అని మొదలుపెట్టాడు.

కొనడానికొచ్చిన పెద్దావిడ చెయ్యెత్తి అతన్ని ఆపింది. పేజీలో ఒక వేలికి లావుపాటి ఉంగరం ఉంది. అచ్చం అలాంటి ఉంగరమే మేనేజరు వేలికీ ఉంది.

"ఎలా ఉందోనని... కిటికీ దగ్గర ఒక్కసారి చూశానంతే" నసిగాడు మేనేజరు.

"లేజరుతో పనిలేకుండానే ఉంగరంతో సహా దించిందే! ఇంత చురుకైన పూత నేనెక్కడా చూళ్ళేదు. మేం కొంటున్నాం. ల్యాబు ఈయనకే ఇవ్వండి" అందావిడ. కెమిస్టుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో ఆవిడ ముందుకు వంగి, "ఏదీ, ఆ డ్రమ్ము ఒక్కసారి బయటికి తియ్యండి, ఎలా ఉంటుందో చూస్తాను" అంది.

కెమిస్టు తలుపులు మూసి, లైట్లన్నీ ఆర్పి, డ్రమ్మును బయటికి తీసి ఆవిడకు తృప్తిగా చూపించాడు.